తే-జు కాళ్ళకి ఫాదర్ బూట్లు

అర్ధరాత్రి దాటింది, వీధిలో పురుగు లేదు. ఇంట్లో వేసుకునే బట్టలతోనే ఒక అమ్మాయి చెప్పుల్లేకుండా పరుగెడుతోంది. వెనక ఎవరూ తరమడం లేదు, ముందు చేరాల్సిన చోటూ లేదు; ఇంట్లో అందరూ పడుకున్నాక లేచొచ్చి, ఆయాసం వచ్చేదాకా పరుగెత్తి, మళ్ళీ వెళ్ళి మొగుడి పక్కన పడుకోవడం ఆమెకి అలవాటు. ఆ రాత్రి దారిలో ఒక చర్చి ఫాదర్ ఎదురయ్యాడు. ఆమెని నడుం దగ్గర పట్టుకుని అమాంతం పైకెత్తి, తన బూట్లలోంచి తను బయటికి అడుగేసి, ఆ ఖాళీ బూట్లలోకి ఆమెని దించాడు. స్కూలుకి ఆలస్యమైపోతున్న పిల్లకి వాళ్ళ నాన్న తొడిగినట్టు. ఆ బూట్లలో ఇంకో జత పాదాలు పట్టేంత ఖాళీ.

కొరియన్ డైరెక్టరు పార్క్ చాన్-వుక్ 2009లో తీసిన 'థర్స్ట్' సినిమాలో సీను ఇది. ఫాదర్ రక్తం తాగితే తప్ప బతకలేడు, ఆ అమ్మాయి, పేరు తే-జు, అతని చిన్ననాటి స్నేహితుడి భార్య, ఇంకో అరగంటలో ఇద్దరూ కలిసి ఆ స్నేహితుణ్ణి చెరువులో ముంచేస్తారు. ఇది నేను చూసిన మంచి ప్రేమకథల్లో ఒకటి అని ఎక్కడ చెప్పినా వాదన మొదలవుతుంది. "ఒరేయ్, వాళ్ళిద్దరూ ఒకళ్ళనొకళ్ళు వాడుకున్నార్రా, అందులో ప్రేమెక్కడుంది" అంటాడు ఒకడు. "నీకు రక్తం చూస్తే గానీ నిద్రపట్టదు" అంటుంది ఇంకో స్నేహితురాలు. వాళ్ళకి వాట్సాప్‌లో ముక్కలు ముక్కలుగా చెప్పీ చెప్పీ విసుగొచ్చి ఇక్కడ ఒక్కసారే రాసిపడేస్తున్నాను. కథ చివరిదాకా చెప్పేస్తాను, ముందే చెబుతున్నా. చూడనివాళ్ళు చూసొచ్చి చదివినా సరే, చదివాక చూసినా సరే, ఈ సినిమాకి పోయేదేం లేదు.

నేను మొదటిసారి చూసింది 2011లో, హైదరాబాదులో ఒక హాస్టల్ గదిలో. పార్క్ తీసిన పగ సినిమాలు చూసి పిచ్చెక్కి ఉన్న రోజులవి. 'అదే డైరెక్టరు, ఈసారి వాంపైరు' అని ఎవడో హార్డ్ డిస్క్‌లో ఎక్కించుకొచ్చాడు. ఒక లాప్‌టాప్, ఐదుగురం, రెండు మంచాలు. ఫాదరూ ఆ అమ్మాయీ దగ్గరయ్యే సీన్లలో ఈలలు వేశారు. హీరో రక్తం కక్కుకునేటప్పుడు ఒకడు మ్యాగీ గిన్నె పక్కన పెట్టేసి బయటికి పోయాడు, మళ్ళీ రాలేదు. సగం అయ్యేసరికి ఇంకో ఇద్దరు ఫోన్లలో ఉన్నారు. చివర్లో సముద్రం ఒడ్డున తెల్లారే సీను వచ్చేసరికి నేనూ, పక్కన గురక పెడుతున్న రూమ్మేటూ మిగిలాం. నాకప్పుడు నచ్చింది గానీ, తప్పుడు కారణాలకి నచ్చింది. స్టైలు, హింస, ఆ ధైర్యం. అది ప్రేమకథ అని అప్పుడు నన్నడిగితే నేనూ నవ్వేవాణ్ణి.

హీరో పేరు సాంగ్-హ్యన్. సాంగ్ కాంగ్-హో వేశాడు, ఆ బొద్దు మొహంతో, ఎక్కడా వాంపైరులా కనపడకుండా. ఆస్పత్రిలో రోగుల చివరి గడియల్లో పక్కన కూర్చుని ప్రార్థన చేసే ఫాదర్. రోజూ చావులు చూసీ చూసీ, ఉత్త ప్రార్థనలతో ఏం ఒరుగుతోందని అనిపించి, ఆఫ్రికాలో ఒక భయంకరమైన వైరస్‌కి టీకా ప్రయోగం జరుగుతుంటే తన ఒళ్ళు అప్పగించడానికి వెళతాడు. పైకి చూస్తే త్యాగం. కానీ సినిమా మొదటి నుంచే మనల్ని గిల్లుతూ ఉంటుంది, ఇది త్యాగమా లేక దేవుడికి చెప్పి చేసుకునే ఆత్మహత్యా అని. కొరియాలో ఈ అనుమానం ఇంకా గట్టిగా తగులుతుందనుకుంటాను. అక్కడి క్యాథలిక్కుల చరిత్ర హతసాక్షుల, అంటే నమ్మకం కోసం ప్రాణాలిచ్చినవాళ్ళ, రక్తంతో రాసుకున్నది. 1784లో యి సుంగ్-హున్ అనే కొరియన్ బీజింగ్ వెళ్ళి బాప్టిజం తీసుకుని వచ్చినప్పటి నుంచి దాదాపు వందేళ్ళు వాళ్ళని వేటాడి చంపారు. 1984లో పోప్ రెండో జాన్ పాల్ సియోల్ వచ్చి, అలా చనిపోయినవాళ్ళలో 103 మందిని ఒకేసారి పునీతులుగా ప్రకటించాడు. అలాంటి చోట ఒక యువ ఫాదర్‌కి చావు మీద ఆశ పుట్టడం వింతేం కాదు. పార్క్ కూడా క్యాథలిక్ ఇంట్లో పెరిగినవాడే, జెసూయిట్లు అనే క్యాథలిక్ గురువుల సంఘం పెట్టిన సొగాంగ్ యూనివర్సిటీలో ఫిలాసఫీ చదివినవాడే. వెటకారం చేస్తాడు గానీ తెలియక చేసే వెటకారం కాదు అది.

ఆ ప్రయోగంలో జబ్బు అంటుకుంటుంది. అక్కడ ఒక షాటు. సాంగ్-హ్యన్ మంచం మీద కూర్చుని రికార్డర్ వాయిస్తుంటాడు, మన వేణువులా ఉంటుంది గానీ నిలువుగా పట్టుకుంటారు. జర్మన్ సంగీతకారుడు బాఖ్ స్వరపరిచిన పాట, "నాకిక చాలు" అని దేవుడికి చెప్పుకునే చావు పాట. వాయిస్తుండగా దగ్గొస్తుంది. నోట్లోంచి వచ్చిన రక్తం గొట్టంలోకి దిగి, వేళ్ళ కింద ఒక్కో రంధ్రంలోంచీ ఉబికి కారుతుంది. హాస్టల్లో మ్యాగీ గిన్నె పక్కకి వెళ్ళింది ఇక్కడే. కానీ ఒక్కసారి ఆగి చూడండి. గాలి రావాల్సిన రంధ్రాల్లోంచి రక్తం వస్తోంది, ప్రార్థన రావాల్సిన నోట్లోంచి ఆకలి రాబోతోంది. ఒక్క డైలాగు లేకుండా సినిమా అంతా అక్కడ చెప్పేశాడు.

అక్కడే చనిపోతాడు. చనిపోయే ముందు ఎక్కించిన ఎవరిదో రక్తం వల్ల దుప్పటి కప్పేశాక లేచి కూర్చుంటాడు. వందల మంది వాలంటీర్లలో బతికి తిరిగొచ్చింది ఇతనొక్కడే. ఇంకేముంది, ఊరికొచ్చేసరికి భక్తులు గుడారాలేసుకుని కూర్చుంటారు, ముట్టుకుంటే జబ్బులు పోతాయని. వాళ్ళకి తెలియనిదేమిటంటే రక్తం తాగినంతసేపే అతని ఒళ్ళు బాగుంటుంది, ఆపితే వైరస్ తిరగబడి చర్మం నిండా బొబ్బలు లేస్తాయి. అతను చేసే ఒక ప్రార్థన ఉంది సినిమాలో. ఒళ్ళు కుళ్ళిన కుష్టురోగిని చూసినట్టు అందరూ నన్ను చూసి తప్పుకునేలా చెయ్యి, కాళ్ళూ చేతులూ లేనివాడిలా నన్ను కదలనివ్వకు, నా గోళ్ళు పీకెయ్యి ఏదీ పట్టుకోకుండా, నా కోసం ఎవరూ ప్రార్థించకుండా చూడు... ఈ వరసలో సాగుతుంది. వినడానికి ఒళ్ళు గగుర్పొడిచే భక్తి. దేవుడు విన్నాడు మరి. అడిగింది అడిగినట్టు ఇచ్చాడు, బొబ్బలతో సహా.

నేను చిన్నప్పుడు ఆర్‌సీఎం, అంటే క్యాథలిక్ మిషన్ వాళ్ళ స్కూల్లో చదువుకున్నాను. క్రైస్తవుణ్ణి కాదు గానీ ఆదివారం దివ్యపూజ గొడవంతా వినీ వినీ వచ్చు. "ఇది నా రక్తం, తీసుకుని తాగండి" అన్న మాట పదేళ్ళ వయసులో నాకు మహా భయంగా ఉండేది; గిన్నెలో ఉన్నది ద్రాక్షారసమే అని పక్కబెంచీ పిల్లాడు ఎంత చెప్పినా నమ్మబుద్ధయ్యేది కాదు. రోజూ ఆ మాట పలికి ఆ గిన్నె ఎత్తేవాడే వాంపైర్ అయితే ఎలా ఉంటుంది అన్న ఆలోచన పార్క్‌కి తట్టడంలో ఆశ్చర్యం లేదు, అంతకుముందు ఇంకెవరికీ ఇంత బాగా ఎందుకు తట్టలేదా అన్నదే నా ఆశ్చర్యం.

పేరు గురించి ఒక మాట చెప్పి ముందుకెళతాను. 'థర్స్ట్', అంటే దాహం, బయటి దేశాల కోసం పెట్టిన పేరు. కొరియన్‌లో సినిమా పేరు 'బాక్జ్వి'. గబ్బిలం అని అర్థం. అక్కడ ఒక మనిషిని గబ్బిలం లాంటోడు అంటే పక్షుల్లోనూ కలవక జంతువుల్లోనూ కలవక అవసరాన్ని బట్టి పక్షం మార్చేవాడని తిట్టు, మనం గోడ మీద పిల్లి అంటాం చూడండి, అలా. ఫాదర్‌కీ పిశాచానికీ మధ్యలో వేలాడే ఈ మనిషికి సరిపోయింది. మనకైతే గబ్బిలం అనగానే జాషువా గుర్తొస్తాడు. గుడి గడప తొక్కనివ్వని మనిషి తన మొర శివుడికి చేరవెయ్యమని గబ్బిలాన్ని బతిమాలతాడు 1941 నాటి ఆ కావ్యంలో, దాన్ని గుళ్ళోకి రావద్దని ఎవరూ అనరు కాబట్టి. పార్క్ గబ్బిలం గుళ్ళోనే ఉండేది. దాని గోలంతా బయటపడ్డాక మొదలైంది. ఈ రెంటికీ సంబంధం కలపడం లేదు, కలపకూడదు కూడా, జాషువా బాధ వేరు. నా బుర్ర అటు పోయింది, అంతే.

ఇక అసలు కథ. ఇది పార్క్ సొంత కథ కాదు. ఎమిల్ జోలా 1867లో రాసిన 'తెరేజ్ రాకాఁ' అనే ఫ్రెంచి నవలని తెచ్చి దానికి రక్తం ఎక్కించాడు. నవలలో పారిస్‌లో ఒక చీకటి సందులో కుట్టుపని సామాన్ల కొట్టు, పైన ఇల్లు. రోగిష్టి కొడుకు కమీ, అతన్ని ముద్దు చేసే తల్లి, ఆమె పెంచి కొడుక్కే కట్టబెట్టిన మేనకోడలు తెరేజ్. వారం వారం ఇంటికొచ్చి డామినోలు ఆడే స్నేహితులు. కమీ స్నేహితుడు లోరాఁ వస్తాడు, తెరేజ్‌తో సంబంధం, ఇద్దరూ కలిసి కమీని సేన్ నదిలో ముంచడం, ఆ తర్వాత ఇద్దరి మధ్యా మంచంలో శవం పడుకున్నట్టు నరకం. దాన్ని కుళ్ళిపోయిన సాహిత్యం అని తిట్టారు అప్పటి విమర్శకులు. దానికి జోలా రెండో ముద్రణ ముందుమాటలో, డాక్టర్లు శవాల మీద చేసే కోత పని నేను బతికున్న ఇద్దరి మీద చేశానని జవాబిచ్చాడు.

ఒక సంగతి నాకు రెండోసారి సినిమా చూశాక నవల చదివితే గానీ తెలియలేదు. నీళ్ళలోకి తోసేస్తుంటే కమీ చివరి పట్టుగా లోరాఁ మెడ కొరుకుతాడు. ఆ పంటి గాటు మానదు. పెళ్ళయ్యాక కూడా మండుతూనే ఉంటుంది, దాన్ని ముద్దు పెట్టుకుని పోగొట్టమని తెరేజ్‌ని బలవంతం చేస్తాడు, ఆమె వణికిపోతుంది. మెడ మీద కాటు! వాంపైరు అన్న మాట లేని నవలలో వాంపైరు కాటు. పార్క్ బయటి నుంచి తెచ్చి అతికించాడని అనుకున్నది నవల్లోనే ఉంది. ఇది చదివిన రోజు నేను ఆఫీసులో ఎవరికి చెప్పాలో తెలియక, కనపడిన ప్రతివాడికీ చెప్పాను. ఎవరూ పట్టించుకోలేదు.

సినిమాలో పారిస్ కొట్టు కాస్తా హన్బోక్‌లు, అంటే కొరియా సంప్రదాయ బట్టలు, కుట్టి అమ్మే షాపు అయింది. పైన ఇల్లు జపాన్ వాళ్ళ కాలం నాటి తరహా. లోపల ఆడేది చైనా వాళ్ళ మాజాంగ్, అత్తగారు తాగేది వోడ్కా, వినేది పాత కొరియన్ పాటలు, స్నేహితుల్లో ఒకాయన భార్య ఫిలిప్పీన్స్ అమ్మాయి, ఇంటికొచ్చే అతిథి రోమ్ చర్చి ఫాదరు. ఒక్క గదిలో ఎన్ని దేశాలు కుక్కాడో చూడండి. ఈ ఇంట్లో సొంతం అనేది ఏదీ లేదు, అన్నీ ఎక్కడి నుంచో వచ్చి అంటుకున్నవే, వైరస్‌లా. యూరప్ నుంచి వాంపైరు కూడా వస్తే తప్పేముంది?

ఆ ఇంట్లో తే-జు. కిమ్ ఓక్-బిన్ వేసింది, అప్పటికి ఆమెకి ఇరవై రెండేళ్ళుంటాయేమో. చిన్నపిల్లప్పుడు తల్లిదండ్రులు వదిలేస్తే ఈ అత్తగారే, రా అమ్మగారు, పెంచింది. పెంచింది అంటే, కుక్కపిల్లని పెంచినట్టు. పెద్దయ్యాక కొడుక్కి చేసింది. అంటే ఒకే మనిషి కూతురు, కోడలు, పనిమనిషి, నర్సు. జీతం లేదు, సెలవు లేదు, పేరుకి ఇంటి మనిషి. మొగుడు కాంగ్-వు దుర్మార్గుడేం కాదు, అదే ఇంకా చిరాకు. ముక్కు కారుతూ, వెకిలిగా నవ్వుతూ, అమ్మ కొంగు వదలని మనిషి. షిన్ హా-గ్యూన్ ఆ పాత్రని ఎంత బాగా చేశాడంటే అతన్ని చంపాలని మనకే అనిపిస్తుంది, చంపాక మనకే సిగ్గేస్తుంది. తే-జు ముఖం ఈ భాగమంతా ఎండిపోయిన గోడలా ఉంటుంది. కత్తెర పట్టుకుని పడుకున్న మొగుడి వైపు చూస్తుంది, తర్వాత తన తొడ వైపు చూసుకుంటుంది.

ఆ తొడ మీది గాట్లే తర్వాత ఫాదర్‌కి చూపిస్తుంది, మొగుడు హింసిస్తున్నాడని. అబద్ధం. అతను నమ్ముతాడు. చెరువు మీద రాత్రి చేపలు పట్టే పడవలో కాంగ్-వుని నీళ్ళలోకి లాగేస్తాడు. తర్వాత నిజం తెలిసినప్పుడు అతనికొచ్చే కోపం గమనించారా ఎప్పుడైనా? నా వాదనకి మూలం అక్కడుంది. మోసపోయానన్న బాధ కన్నా, ఒక అమాయకుడు చచ్చిపోయాడన్న బాధ కన్నా, తన ఖాతాలో చెరగని అప్పు పడిందన్న ఉక్రోషం ఎక్కువ అందులో. సాంగ్-హ్యన్ మొదటి నుంచీ ప్రేమించింది తే-జుని కాదు, తన మంచితనాన్ని.

ఎంత జాగ్రత్తగా లెక్క రాసుకుంటాడో చూడండి. అతను ఎవరినీ చంపడు, కోమాలో ఉన్న రోగి మంచం పక్కన నేల మీద పడుకుని, సెలైన్ పైపు నోట్లో పెట్టుకుని, స్ట్రాతో కొబ్బరినీళ్ళు తాగినట్టు రక్తం తాగుతాడు. ఇదేంటంటే దానికో సమాధానం. ఆ రోగి స్పృహలో ఉన్నప్పుడు ఒక ముచ్చట చెప్పాడు, ఎప్పుడో ఆకలితో ఉన్నవాళ్ళకి తన స్పాంజ్ కేకు ఇచ్చేశానని. అంత మంచివాడు కదా, మెలకువగా ఉండి ఉంటే తన రక్తం కూడా వద్దనేవాడు కాదు! ఇక చావాలనుకునేవాళ్ళ దగ్గరికెళ్ళి వాళ్ళకి చేయందించి వాళ్ళ రక్తం తీసుకుంటే అది సేవ కిందకే వస్తుంది. మనందరికీ తెలిసిన మనిషే ఇతను. లంచం తీసుకుంటాడు గానీ పేదవాళ్ళ దగ్గర తీసుకోడు. మాంసం మానేశాడు, గుడ్డు ఒక్కటీ మినహాయింపు, కేకులో ఉన్న గుడ్డు లెక్కలోకి రాదు.

ఈ లెక్కల మనిషి పక్కన, తే-జుకి లెక్కే లేదు. ఒక గొడవలో కోపం పట్టలేక ఆమెని చంపేస్తాడు, చంపి తాగడం మొదలుపెడతాడు, మధ్యలో ఆగిపోయి తన రక్తం ఆమెకి పట్టి బతికిస్తాడు. ఇద్దరూ ఒకరి రక్తం ఒకరు తాగుతూ నేల మీద పడి ఉండే ఆ సీను గురించి నేనెక్కువ చెప్పను, చూడాల్సిందే. అందులో శృంగారం, పురుడు, తిండి మూడూ ఒకేసారి ఉన్నాయి. లేచిన తే-జు వేరే మనిషి. ఇంటి నిండా తెల్ల రంగు వేయించి, ట్యూబులైట్లు పెట్టించి, రాత్రిని పగలు చేస్తుంది. నీలం గౌను వేసుకుని, బయట చూడలేని సూర్యుణ్ణి ఇంట్లో వెలిగించుకున్నట్టు ఆ తెల్ల గదుల్లో తిరుగుతుంది. వేటాడుతుంది, నవ్వుతూ. సాంగ్-హ్యన్ నీతులు మొదలుపెడితే, నక్క కోడిని తింటే పాపమా అని అడుగుతుంది. అతని దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఇరవై ఏళ్ళు ఆ ఇంట్లో కోడిలా బతికిన మనిషికి నక్క అయ్యే అవకాశం వస్తే వద్దంటుందని ఎందుకనుకోవాలి?

ఇక్కడే నా స్నేహితురాలి అభ్యంతరం. "చూశావా, మగాడు రక్తపిశాచి అయితే మనసున్న పిశాచి, ఆడది అయితే రాక్షసి. ఇది ఎక్కడ చూసినా ఉన్న గోలే" అంటుంది. ఇందులో నిజం లేకపోలేదు. కెమెరా ఆమె ఒంటి మీద తిరిగినంతగా ఆమె మనసులో తిరగదు కొన్ని చోట్ల. ఇంకా దారుణమైనది గుడారాల దగ్గరి సీను. చివరికి వచ్చేసరికి సాంగ్-హ్యన్ తనని మహాత్ముడని నమ్మిన భక్తుల దగ్గరికి వెళ్ళి, అక్కడ ఒక అమ్మాయి మీద అత్యాచారం చేస్తున్నట్టు నటిస్తాడు, వాళ్ళు రాళ్ళతో తరిమేలా. తన మీద వాళ్ళకున్న భ్రమ పోవాలని. సరే, పోయింది. ఆ అమ్మాయి సంగతి? అతని పాప ప్రక్షాళనకి ఆమె ఒక సరంజామా. పార్క్ దాన్ని త్యాగంలా చూపించాడా, లేక ఈ ఫాదర్ మంచి పని చేసేటప్పుడు కూడా ఎవరో ఒకరి ఒళ్ళు వాడుకోకుండా ఉండలేడని చూపించాడా? నేను రెండోదే అనుకుంటున్నాను. కానీ ఆ సీను చూస్తున్నప్పుడు ప్రతిసారీ కుర్చీలో కదులుతాను, సర్దిచెప్పుకోవడం పూర్తిగా కుదరదు.

ఒకటి మాత్రం నిజం. అతను తన మంచి పేరుని చేత్తో తీసి పారేసింది అక్కడే. ఖాతా పుస్తకం చింపేశాడు. ఆ తర్వాత మిగిలింది తే-జు ఒక్కతే.

రెండోసారి చూసింది లాక్‌డౌన్‌లో, ఇంట్లో, అమ్మ పడుకుందనుకుని. మూడొంతులు అయ్యాక నీళ్ళకి లేచిన అమ్మ వచ్చి సోఫాలో కూర్చుంది. నాకు టెన్షన్. ఏ క్షణంలో ఏం వస్తుందో నాకు తెలుసు కదా. అదృష్టం, అప్పుడు నడుస్తున్నది అత్తగారి సీను. కొడుకు పోయాక రా అమ్మగారికి పక్షవాతం వస్తుంది. కిమ్ హే-సుక్ ఆ పాత్రలో సగం సినిమా ఒక్క కండరం కదపకుండా కళ్ళతోనే నటించింది. కుర్చీలో కూర్చోబెట్టేస్తారు ఆమెని, బొమ్మలా. ఆమె ముందే హంతకులిద్దరూ పోట్లాడుకుంటారు, అన్నీ మాట్లాడుకుంటారు. అమ్మకి కొరియన్ రాదు, ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదవదు. పది నిమిషాలు చూసి, "ఈవిడకి అంతా తెలుసు. చెప్పలేకపోతోంది" అంది. కాసేపాగి, "మా పెద్దమ్మ ఇలాగే మూడేళ్ళు మంచంలో ఉంది. ఆవిడ ముందే పొలం పంపకాల గురించి మాట్లాడుకునేవాళ్ళు, వినపడదన్నట్టు. నేను అన్నం పెట్టేటప్పుడు నా వైపు ఇలాగే చూసేది" అంది. లేచి వెళ్ళి పడుకుంది. నేను సినిమా ఆపేసి కాసేపు అలాగే కూర్చున్నాను.

ఆ కళ్ళు సినిమాలో చేసే పని మామూలుది కాదు. మాజాంగ్ స్నేహితులు పరామర్శకొచ్చినప్పుడు ఆమె కళ్ళార్పుతూ, ఒక్క వేలు కదిపి, నా కొడుకుని వీళ్ళే చంపారని చెప్పేస్తుంది. చూస్తున్న మనం ఎవరి పక్షమో మనకే తెలియదు. చెప్పమ్మా చెప్పు అనిపిస్తుంది, అయ్యో వీళ్ళు దొరికిపోతున్నారే అని కూడా అనిపిస్తుంది. మధ్యలో నవ్వొస్తుంది కూడా, అది ఇంకా ఘోరం. పార్క్ సినిమాల్లో హాస్యం ఇలాంటి చోట్లే పెడతాడు, పాడె మోసేటప్పుడు ఒకడి పంచె ఊడినట్టు.

ఇప్పుడు చివరి సీను. సాంగ్-హ్యన్ కారు నడుపుతున్నాడు, పక్కన తే-జు, వెనక సీట్లో అత్తగారు. తెల్లారబోతోంది. కారు ఆపింది సముద్రం పక్కన కొండ అంచున, కనుచూపు మేరలో చెట్టు లేదు, గోడ లేదు, నీడ అన్నది లేదు. తే-జుకి అర్థమైపోతుంది. డిక్కీలో దూరి మూత వేసుకుంటుంది, అతను ఆ మూత పీకి సముద్రంలోకి విసిరేస్తాడు. కారు కిందకి దూరుతుంది, అతను కారునే పక్కకి నెట్టేస్తాడు. ఇద్దరూ కొట్టుకుంటారు, మొగుడూ పెళ్ళాం బీరువా తాళాల కోసం కొట్టుకున్నట్టు. మరణశిక్ష అమలవుతోంది, మనం నవ్వుతున్నాం.

నా మొదటి స్నేహితుడి పాయింటు ఇక్కడ బలంగా ఉంటుంది. "ఆమెని అడిగాడా? చావాలో బతకాలో అతనే తేల్చేశాడు. ఇది ప్రేమా? మళ్ళీ ఫాదర్ బుద్ధే." నిజమే, అడగలేదు. ఇది తప్పు కాదని నేననను. మామూలు వాంపైరు ప్రేమకథల్లో ప్రియుడు ప్రియురాలికి చావు లేకుండా చేస్తాడు, అదే పెద్ద కానుక, జనం కన్నీళ్ళు పెట్టుకుంటారు. ఆ ఏడాది అమెరికా నుంచి అలాంటివే వరదలా వస్తున్నాయి. ఇక్కడ ఇతను ఇచ్చిన చావులేనితనాన్ని ఇతనే వెనక్కి లాక్కుంటున్నాడు. సినిమా ఇక్కడే ఆగిపోయి ఉంటే నేను నా స్నేహితుడితో చేతులు కలిపేవాణ్ణి.

కానీ తే-జు పోట్లాట ఆపేస్తుంది. అలిసిపోయి కాదు, ఆమెకి అలుపు లేదిప్పుడు. ఎక్కడి నుంచో ఆ పాత బూట్లు తీస్తుంది. అవే, మొదటి రాత్రి వీధిలో తొడిగినవి. కత్తెర, చెరువు, తెల్ల రంగు, అన్ని చావులు, ఇన్నిటి మధ్యా ఆ బూట్లు దాచుకుంది. వాటిలో కాళ్ళు పెట్టుకుని వచ్చి కారు బానెట్ మీద అతని పక్కన కూర్చుంటుంది. మొదటిసారి అతను ఆమెని ఎత్తి వాటిలో నిలబెట్టాడు, అడగకుండానే. ఈసారి ఆమే తొడుక్కుంది, అతను చెప్పకుండానే. సినిమా మొత్తంలో ఆమె ఎవరికీ అబద్ధం చెప్పకుండా చేసిన పని ఇదొక్కటే అని నా లెక్క. ఇది ప్రేమ కాదంటే ఇంకేం చూపించాలో నాకు తెలియదు, ఇక వాట్సాప్‌లో నన్ను కెలకొద్దు.

వాళ్ళ మాటలు కూడా అతి మామూలుగా ఉంటాయి. అతను నరకంలో కలుద్దామన్న ధోరణిలో ఏదో అంటాడు, ఫాదర్ కదా, చచ్చాక కూడా ఒక అడ్రస్ ఉండాలి. ఆమె చస్తే అయిపోయినట్టే అంటుంది, ఇన్నాళ్ళూ బాగా గడిచిందని థాంక్స్ చెబుతుంది, అదీ 'ఫాదర్' అనే పిలుస్తూ. ఇంత జరిగాక కూడా ఆమె నోట అతను ఫాదరే. ఒకళ్ళ నమ్మకాన్ని ఒకళ్ళు మార్చలేదు. ఎదురుగా సముద్రం ఎర్రబడుతుంది, తిమింగలాలు లేస్తాయి, అది వాళ్ళకి కనపడిందో మనకి మాత్రమే కనపడిందో తెలియదు. ఎండ పడుతుంది. చర్మం నల్లబడి పగిలి రాలుతుంది. ఆ కాలుతున్న కాళ్ళకి ఇంకా ఆ బూట్లు ఉంటాయి, తర్వాత కాళ్ళు ఉండవు, బూట్లు నేల మీద పడతాయి.

ఆ ఏడాది ఫ్రాన్స్‌లో కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఈ సినిమాకి జ్యూరీ ప్రైజ్ వచ్చింది, ఇంకో సినిమాతో పంచుకుంది. పార్క్ తర్వాత ఇంతకన్నా నేర్పుగా, ఇంతకన్నా అందంగా తీశాడు, 2022లో అదే కాన్‌లో ఉత్తమ దర్శకుడు కూడా అయ్యాడు. నాకు మాత్రం ఈ అతుకులబొంత సినిమానే ఇష్టం. రెండు గంటలు దాటి సాగుతుంది, మధ్యలో ఒక ఇరవై నిమిషాలు కోసెయ్యొచ్చు, ఏ ఇరవై నిమిషాలో చెప్పమంటే చెప్పలేను.

వెనక సీట్లో అత్తగారు ఉంది కదా. కొడుకుని చంపినవాళ్ళు కళ్ళముందే బూడిదవుతుంటే చూస్తోంది ఆవిడ. పగ తీరినట్టా, ఉన్న ఒక్క కోడలూ పోతున్నట్టా, ఆ ముఖంలో తెలియదు. కదలలేదు, కానీ కళ్ళు ఉన్నాయి. మొన్న మూడోసారి చూసినప్పుడు నా చూపంతా బూట్ల మీదే ఉండిపోయింది. ఆవిడ కళ్ళార్పిందో లేదో ఇంకోసారి చూడాలి. ఈసారి అమ్మని కూడా కూర్చోబెడతాను, చివరి పది నిమిషాలకి.